లోపల వంకాయ, బయట దానిమ్మ

భవనాలకు ముఖం తొడగడం నా ఉద్యోగం. పిల్లర్లు లేపేదీ, స్లాబులు పోసేదీ వేరేవాళ్లు. వాళ్లు గోడలు అప్పజెప్పి వెళ్లాక మేం దిగి, రోడ్డు వైపు అద్దాలో అల్యూమినియం షీట్లో బిగించి, దారినపోయేవాడు ఆగి చూసేలా చేసేవాళ్లం. విజయవాడలో ఒక అల్యూమినియం కంపెనీలో పాతికేళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ రంగంలో ఉన్న యువ ఇంజినీర్లు అప్పుడప్పుడు నాకు తమ భవనాల కంప్యూటర్ బొమ్మలు పంపిస్తుంటారు. చాలా బాగుంటాయి. చెట్లు, కార్లు, ఆకాశంలో మబ్బులు కూడా వేస్తారు. అన్నీ రోడ్డు మీద నుంచి చూసినట్టే ఉంటాయి. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను కూడా రోడ్డు మీద నిలబడే చూసి, ఒక పెద్దమనిషి షాపును అల్లరిపాలు చేశాను. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల వరసగా కొత్త భవనాలు లేస్తున్న కాలం. వన్ టౌన్‌లో తాతల నాటి నుంచీ చీరల వ్యాపారం చేస్తున్న ఒకాయన, ఆ సందుల్లోకి కార్లు రావడం లేదని, సర్కిల్ దగ్గర మూడంతస్తుల షోరూము కట్టించారు. ఆయన పాత షాపు నేను చూశాను. పరుపుల మీద తెల్లదుప్పట్లు, మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తేగానీ ఏమీ కనపడదు. అందుకని అక్కడొక పద్ధతి ఉండేది. చీర నచ్చిందని ఎవరైనా అనగానే అక్కడి గుమాస్తా బిల్లు రాయించేవాడు కాదు. చీర భుజాన వేసుకుని, కొనేవాళ్లను వీధి గుమ్మంలోకి తీసుకొచ్చి, ఎండలో కొంగు పరిచి, "వెలుగులో చూస్కోండమ్మా, ఇంటికెళ్లాక అనుకోవద్దు" అనేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ గుమాస్తా పని అదే. "మా షాపులో చూసిన రంగే మీ ఇంటికొస్తుంది" అని యజమాని గర్వంగా చెప్పుకునేవారు. ఆ షాపు బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. జనం వచ్చేది ఆ మాట మీదే.

కొత్త షోరూము ముందు భాగానికి ఏం వేయాలనే చర్చ వచ్చినప్పుడు యజమాని మొదట రేకు వైపే మొగ్గారు. రేకంటే కప్పు మీద వేసే రేకు కాదు. రెండు పల్చటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి అతికించిన షీటు. మేం ఏసీపీ అనేవాళ్లం, మిగతా ఊరంతా రేకనేది. "పగిలే గొడవ లేదు, దుమ్ము పడితే తుడుచుకోవచ్చంటున్నారు. దాంతో కానిచ్చేద్దామాండీ?" అన్నారాయన.

నేను నవ్వి, "వేసుకోవచ్చండీ. కాకపోతే జనం స్కూటర్లు వేసుకొచ్చి రెండు లీటర్లు కొట్టమంటారు" అన్నాను. అప్పట్లో మన వైపు ఏసీపీ ఎక్కువగా కనపడేది పెట్రోలు బంకుల్లోనే. గదిలో అందరూ నవ్వారు, యజమాని కూడా నవ్వారు. రేకు సంగతి ఆ నవ్వుతోనే సరి.

నిజం చెప్పాలంటే అద్దం మీద మోజు నాది. హైదరాబాదులో నీలం అద్దాల భవనాలు చూసి వచ్చినప్పటి నుంచీ, సర్కిల్ దగ్గర అలాంటిదొకటి నా చేతుల మీదుగా లేవాలని కోరిక. సిటీ బస్సులో వెళ్లేవాళ్లు తల తిప్పి చూడాలి, నేను అదే బస్సులో కూర్చుని ఏమీ ఎరగనట్టు ఉండాలి. ఎండను వెనక్కి కొడుతుందనీ, ఏసీ మీద భారం తగ్గుతుందనీ నేను చెప్పిన కారణాలు అబద్ధాలు కావు గానీ, అవి తర్వాత వెతుక్కున్నవి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం నేను. నాలుగో కాలు చూపించినా తోక అనేవాణ్ణి.

శాంపిల్ అద్దం తెప్పించి, రోడ్డు పక్కన గోడకు ఆనించి పెట్టాం. యజమాని రోడ్డు దాటి అవతల నిలబడి చూశారు. మా బాస్ కారు దిగకుండానే చూశాడు. నేను వంగి, లేచి, పక్కకు నడిచి, నానా విన్యాసాలు చేసి చూశాను. అందులో ఆకాశం, బస్సులు, మా ముఖాలు అన్నీ నీలంగా మెరుస్తూ కనపడ్డాయి. అందరికీ నచ్చింది.

అప్పుడు యజమానితో వచ్చిన గుమాస్తా నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఇంజినీరు గారూ, దీన్ని లోపల్నుంచి కూడా ఒకసారి చూద్దామాండీ? మేం ఉండేది లోపల కదా" అన్నాడు.

"లోపల లైట్లు పెడతాం కదండీ, పట్టపగల్లా ఉంటుంది" అన్నాను. ఆయన తలూపి ఊరుకున్నాడు. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, జీవితమంతా రంగులతో గడిపిన మనిషి అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చిన విలువ అంత. శాంపిల్ గోడకు ఆనించి ఉంది కాబట్టి దాని వెనక నిలబడే చోటే లేదు. ఆ అద్దాన్ని రెండడుగులు ముందుకు జరిపించే ఓపిక నాకు లేకపోయింది.

పని చేయించింది మా మేస్త్రి. వన్ టౌన్ ముస్లిం, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నేను "భాయ్" అనేవాణ్ణి, ఆయన "సార్" అనేవాడు. తిట్టేటప్పుడు కూడా సారే. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా విప్పించి మళ్లీ బిగించేవాడు. ఆ నీలం గోడలో ఒక్క వంకర లేదు. తప్పంతా నా తలలోనే ఉంది గానీ ఆయన చేతుల్లో లేదు.

శ్రావణ మాసానికి షోరూము తెరిచారు. నేను నిజంగానే సిటీ బస్సెక్కి సర్కిల్ దాటాను. జనం తల తిప్పి చూశారు. పక్క సీట్లో ఒకాయన "ఎంత బాగా కట్టారండీ!" అంటే, "అవునా?" అన్నాను. ఆ కాసేపటి సంతోషం ఇప్పటికీ తలుచుకుంటే బాగుంటుంది.

రెండో వారంలో మైలవరం నుంచి ఒక పెళ్లివారు వ్యాన్ వేసుకుని వచ్చారు. మొత్తం ఎనిమిది మంది. వాళ్లందరిలో పెద్దావిడ పెళ్లికూతురి మేనత్త, అరవై దాటిన మనిషి. పాత షాపులో పాతికేళ్లుగా కొంటున్న ఆవిడ. కొత్త షాపులో పట్టుచీరలు మొదటి అంతస్తులో, సరిగ్గా నా అద్దాల పక్కన పెట్టారు. ఆవిడ గంటసేపు వెతికి ఒక వంకాయ రంగు చీర తీసింది. ఆ రంగంటే ఆవిడకు ప్రాణమట. అలవాటు ప్రకారం చీర భుజాన వేసుకుని మెట్లు దిగి బయటికొచ్చింది. ఎండలోకి రాగానే ఆగిపోయింది. భుజం మీదున్నది వంకాయ రంగు కాదు, దానిమ్మ గింజల ఎరుపు. చీర మారిపోయిందేమోనని మళ్లీ పైకి వెళ్లింది. పైన వంకాయ. కిందికి దిగింది. దానిమ్మ.

కొత్తగా చేరిన సేల్స్‌మన్ ఒకడు, "కళ్లజోడు పెట్టించుకోవాలేమో అమ్మా" అన్నాడు. గుమాస్తా ఆ రోజు పాత షాపు సరుకు సర్దించడానికి వెళ్లాడు, ఉంటే అంతదాకా రానిచ్చేవాడు కాదు. ఆవిడ చీర మడిచి కౌంటరు మీద పెట్టి, అందరినీ వ్యాన్ ఎక్కించింది. ఎక్కబోతూ గుమ్మంలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా ఒక మాట అంది. "లోపల వంకాయ, బయట దానిమ్మ! బాగుందయ్యా వ్యాపారం!"

ఆ మాటకు కాళ్లొచ్చాయి. పది రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి మళ్లీ సర్కిల్‌కి చేరింది. కొనడానికి వచ్చినవాళ్లు మెట్లెక్కుతూనే నవ్వుకోవడం, చీర పట్టుకుని కిందికీ మీదికీ తిరగడం, చివరికి జాకెట్ ముక్కతో సరిపెట్టుకుని వెళ్లడం. ఇంకొందరు, రంగు దాచి అమ్మడానికే అలాంటి అద్దాలు పెట్టించారని అన్నారు. మూడు తరాలుగా గుమ్మంలో నిలబెట్టి రంగు చూపించిన ఇంటిని, మోసాల ఇల్లన్నారు. ఆ పేరు పోతే ఆయనకు మిగిలేది నా అద్దాలే.

యజమాని మా ఆఫీసుకు ఫోన్ చేశారు. మా బాస్ నన్ను పిలిచి, "లైట్లని చెప్పవయ్యా. లైట్లు వేసింది మనం కాదుగా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేం ట్యూబులైట్ల మీద పడ్డాం. నేను షోరూముకి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, సీలింగు వైపు గంభీరంగా చూసి ట్యూబులన్నీ మార్పించాను. ఈసారి చీర పాత చింతపండు రంగులోకి వచ్చింది.

మర్నాడు పొద్దున మేస్త్రి, "ఒక్క అద్దం తీస్తా సార్, చూడండి" అన్నాడు. షాపు తెరవకముందే మొదటి అంతస్తులో ఒక అద్దం విప్పించాడు. గుమాస్తా చేత ఆ చీర తెప్పించి, సగం అద్దం ఉన్న వైపు, సగం లేని వైపు వచ్చేలా అడ్డంగా పట్టించాడు. ఒకే చీర. అద్దం ఉన్న వైపు సగం వంకాయ, లేని వైపు సగం దానిమ్మ. మధ్యలో గీత గీసినట్టుంది.

"లైట్లు ఆపేసే ఉన్నాయి సార్" అన్నాడు మేస్త్రి.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. సిగ్గేసింది, భయం కూడా వేసింది. బాస్ మాట కాదంటే నా ఉద్యోగానికి ఎసరు. లైట్లేనని గట్టిగా చెబితే యజమాని నమ్మేస్తారు, నాకు అసలు కష్టంగా ఉన్నది అదే. ఆయన నన్ను నమ్మి ఇంకో నాలుగు రకాల లైట్లు మారుస్తారు, ఈలోగా ఊరు ఆయన్ని మోసగాడంటూనే ఉంటుంది. ఇంట్లో ఈ గోడు వెళ్లబోసుకుంటే మా ఆవిడ, "నిజం చెప్పడానికి కూడా బాస్ సంతకం కావాలా?" అని కంచం ముందు పెట్టి వెళ్లింది.

సాయంత్రం షోరూముకి వెళ్లాను. యజమాని, గుమాస్తా ఇద్దరూ ఉన్నారు. "చెప్పండి ఇంజినీరు గారూ, లైట్లా, అద్దమా?" అన్నారు యజమాని.

"అద్దమేనండీ. తప్పు నాది. నేను రోడ్డు మీద నుంచే చూశాను. లోపల్నుంచి చూద్దామని ఈయన..."

గుమాస్తా నా మాటకు అడ్డొచ్చాడు. "కొత్త వస్తువు కదండీ, ఎవరికి తెలుస్తుంది? నాకూ తట్టలేదు."

ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. నన్ను కాపాడ్డానికి ఆడాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "లేదండీ, ఈయన అడిగారు. నేనే కొట్టిపారేశాను" అన్నాను.

యజమాని గొంతు పెంచకుండానే అన్నారు. "మా చీర రంగు పోతే మేం వెనక్కి తీసుకుంటామండీ. మీ అద్దం మీరూ తీస్కోండి. ఆ రేకే వేసెయ్యండి. పెట్రోలు బంకులా ఉన్నా ఫర్వాలేదు."

అద్దాలు దించి, పై రెండంతస్తులకూ లేత గోధుమ రంగు ఏసీపీ వేశాం. దించిన అద్దాలు తర్వాత ఒక ఫైనాన్సు ఆఫీసుకు పనికొచ్చాయి. అక్కడ కాగితాలు ఏ రంగులో కనపడినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఖర్చు ఎవరెంత భరించాలో యజమానీ మా బాసూ తలుపు వేసుకుని తేల్చుకున్నారు. బయటికొచ్చాక బాస్ నాతో, "నిన్ను తీసేద్దామనుకున్నా. ఆయనేమో పని అయ్యేదాకా నువ్వే ఉండాలంటున్నాడు" అన్నాడు విసుగ్గా. ఆ విసుగు నాకు పాయసంలా ఉంది.

ఉత్తరం వైపు మాత్రం ఒక్కచోట రంగు లేని మామూలు అద్దం పెట్టాం. ఎండ నేరుగా పడదు, వెలుగు ఉన్నదున్నట్టుగా వస్తుంది. ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలో గుమాస్తా చీర పట్టుకుని నిలబడి చెప్పాడు. నేను గోడ మీద పెన్సిలుతో గీత పెట్టాను. "ఈసారి ఇంజినీరు గారు మారారు సార్" అన్నాడు మేస్త్రి, గుమాస్తాను చూపిస్తూ, నాతోనే.

భవనం బాగైంది గానీ పోయిన పేరు అంత తొందరగా రాలేదు. ఒకరోజు యజమాని నన్ను పిలిచి, "ఆ మాట మైలవరంలో పుట్టింది. అక్కడికే వెళ్లి దాన్ని చల్లార్చాలి. మా గుమాస్తా చీరల మూట తీసుకుని వెళ్తున్నాడు, మీరూ వెళ్లాలి" అన్నారు.

"నేనెళ్లి ఏం చెప్పాలండీ?"

"నాతో ఏం చెప్పారో అదే."

ఆదివారం చర్చి అయ్యాక నేనూ గుమాస్తా బస్సెక్కాం. ఇబ్రహీంపట్నం దాటేదాకా మనసులో మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. అద్దం మీద లోహపు పూత, కాంతిలో ఎరుపు తగ్గడం, నీలం మిగలడం. గుమాస్తాకు వినిపిస్తే, "బాగుందండీ. కాకపోతే అక్కడ ఇవేమీ చెప్పకండి" అని మూట ఒళ్లోకి లాక్కున్నాడు.

మేం వెళ్లేసరికి ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ముక్కు మీద సరికొత్త కళ్లజోడు. గుమాస్తాను, ఆయన మూటను చూసి, "ఏంటయ్యా, వంకాయలు తెచ్చావా?" అంది.

గుమాస్తా నవ్వి నన్ను చూపించి, "ఈయన ఆ అద్దాలు పెట్టిన ఇంజినీరు గారమ్మా. మీతో ఒక మాట చెబుదామని వచ్చారు" అన్నాడు.

బస్సులో నేర్చుకున్నదంతా ఎటు పోయిందో పోయింది. "చీర మంచిదేనమ్మా. షాపువాళ్ల తప్పేం లేదు, మీ కళ్లకూ ఏమీ కాలేదు. నేను పెట్టిన అద్దమే మంచిది కాదు. తీసేశాం" అన్నాను.

ఆవిడ లేచి నిలబడింది. "ఒరేయ్, ఏమేవ్, అందరూ ఇటు రండి!" ఇల్లంతా బయటికొచ్చింది. "ఇంజినీరు గారూ, ఆ మాట మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పాను. పెళ్లికూతురి తల్లి దొడ్లోంచి ఆలస్యంగా వస్తే ఆమె కోసం మళ్లీ చెప్పాను. ప్రహరీ మీద నుంచి పక్కింటావిడ "ఏంటంట వదినా?" అని అడిగితే ఇంకోసారి చెప్పాను. ఒక తప్పును అన్నిసార్లు ఒప్పుకుంటే మొహం మాడిపోవాలి. నాకు మాత్రం ప్రతిసారీ తేలిగ్గానే అయింది.

ఆవిడ కళ్లజోడు తీసి చెయ్యి ఊపింది. "విన్నారుగా? రెండు నెలల నుంచీ నాకు చూపు ఆనట్లేదని వీళ్ల గోల! డాక్టరు ఏమీ లేదన్నా వినకుండా ఇది తగిలించారు. కూర తరగబోతే చాకు లాక్కున్నారండీ!" నేను షాపు పరువు గురించి మాత్రమే ఆలోచిస్తూ వచ్చాను. నా అద్దం ఈ ఇంట్లో ఒక మనిషి కళ్ల మీద ఆమెకే అనుమానం పుట్టించిందని అప్పటిదాకా నాకు తెలియదు. "క్షమించండమ్మా" అన్నాను. అది ఎవరో నేర్పిన మాట కాదు.

గుమాస్తా వాకిట్లో ఎండలోనే మూట విప్పాడు. పైన దానిమ్మ చీర, కింద ఇంకొకటి. "ఇది మీకోసం విడిగా తీసి పెట్టానమ్మా. ఎండలో కూడా వంకాయే" అన్నాడు. ఆవిడ కళ్లజోడు లేకుండానే కొంగు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వంకాయ రంగు తనకు, దానిమ్మ రంగు పెళ్లికూతురికి తీసుకుంది. "మీ యజమానికి చెప్పు. పెళ్లిబట్టలు మొత్తం అక్కడే. ఆ మాట అన్నది నేను, మాన్పించేదీ నేనే" అంది. ఆవిడ మాట ఎంత దూరం పోతుందో నాకు బాగా తెలుసు కాబట్టి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను.

భోజనం చేయకుండా కదలనివ్వలేదు. విస్తళ్ల ముందు కూర్చున్నాక ఆవిడే వడ్డిస్తూ, మేనల్లుడిని చూపించింది. "వీడు బస్టాండు రోడ్డులో ఎరువుల కొట్టు కట్టిస్తున్నాడు బాబూ. ముందంతా అద్దం పెట్టిస్తానంటాడు, రేకు చాలంటాను నేను. ఎటూ వచ్చారుగా, మీరు తేల్చండి. అద్దమా, రేకా?"

మేనల్లుడు నా వైపు ఆశగా చూశాడు. నాలుక చివరిదాకా జవాబు వచ్చింది. బస్టాండు రోడ్డు దుమ్ము, ఎండ వచ్చే దిక్కు, ఎరువుల ఘాటు, అన్నీ నాకు తెలిసినవే. గుమాస్తా ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగి నన్ను చూశాడు.

"కొట్లో రోజంతా కూర్చునేది ఎవరండీ?" అన్నాను.

"ఇంకెవరు? వీడు ఊళ్ల మీద తిరుగుతుంటాడు. నేనే."

"అయితే చెప్పాల్సింది మీరేనమ్మా. రెండూ తెప్పించి కొట్లో పెట్టిస్తాను. లోపల కూర్చుని చూడండి. మీరు ఏది అంటే అది బిగిస్తా."

గుమాస్తా నా విస్తరి వైపు చూపించి, "ఆయనకు ఇంకాస్త పప్పు వెయ్యండమ్మా" అన్నాడు.